మాట మధ్యలో ఆగిపోతోంది

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాపకి 7 ఏళ్లు, రెండో తరగతి. నెల రోజుల నుంచి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతోంది. అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి అలాగే చూస్తూ ఉండిపోతుంది. పిలిస్తే పలకదు. కాసేపటికి ఏమీ జరగనట్టు తింటుంది. క్లాసులో పరధ్యానం ఎక్కువైంది, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని, అతి చురుకుదనం సమస్య) ఏమో చూపించండని టీచరు అంటున్నారు. మా అత్తగారు తాయెత్తు కట్టించారు. మొన్న కోపంలో నేనొక దెబ్బ కూడా వేశాను. ఏం చేయాలి?
— ఒక తల్లి, తణుకు

జవాబు: పాఠం విసుగొచ్చి పరధ్యానంలో పడే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారమ్మా. ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయేవాళ్లు తక్కువ. అందుకే నాకు ఆబ్సెన్స్ మూర్ఛేమోనని అనుమానం. మూర్ఛ అనగానే కింద పడటం, నురగ గుర్తొస్తాయి. ఇందులో అవేవీ ఉండవు. 5 నుంచి 20 సెకన్లు పిల్లకి తెలివి ఉండదు, అంతే. రెప్పలు అదరొచ్చు. రోజుకి పదుల సార్లు కూడా రావచ్చు. పాప డిక్టేషన్ పుస్తకం తీసి చూడండి, మధ్యలో రెండేసి మాటలు ఎగిరిపోయి ఉంటాయేమో.

ఈసారి ఆగినప్పుడు పేరు పెట్టి పిలిచి, భుజం తట్టండి. పరధ్యానమైతే తిరిగి చూస్తుంది. మూర్ఛయితే దానంతట అది తగ్గేదాకా పలకదు. ఫోన్లో వీడియో తీయండి, డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

నా గదిలో నేను చేసేది చిన్న పని. అరచేతిలో కాగితం ముక్క పెట్టుకుని, పాపని 3 నిమిషాలు గట్టిగా ఊదుతూ ఉండమంటాను. అలా ఊదుతుంటే ఈ మూర్ఛ వచ్చి, ఉన్నట్టుండి కాగితం కదలడం మానేస్తుంది. పక్కనున్న తల్లి "ఇదేనండీ, ఇదే" అంటుంది. (ఇంట్లో మీరు చేయకండి.) ఆ తర్వాత ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) తీస్తే సెకనుకి 3 చొప్పున ఒకే తీరు తరంగాలు కనిపిస్తాయి.

మూర్ఛ మందులన్నీ దీనికి సరిపోవు. కార్బమజెపిన్ లాంటిది వేస్తే ఎక్కువ కావచ్చు కూడా. సాధారణంగా ముందు ఇచ్చేది ఎథోసక్సిమైడ్. వాల్‌ప్రోయేట్ బాగానే పనిచేస్తుంది కానీ, ముందుముందు గర్భంలోని బిడ్డకి ప్రమాదం కనుక ఆడపిల్లలకి ఆలోచించి ఇస్తాం. చాలామందికి యుక్తవయసు నాటికి తగ్గిపోతుంది. బాగున్నారు కదా అని మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. అప్పటిదాకా చెరువు, బావి దగ్గరికి ఒంటరిగా పంపొద్దు. టీచరు మాట కూడా కొట్టేయకండి, కొందరిలో ఏడీహెచ్‌డీ కూడా ఉంటుంది.

దెబ్బ సంగతి మనసులో పెట్టుకోకండి. ప్రాక్టీసు మొదట్లో ఇలాంటి బాబునే నేను "కాస్త భయం పెట్టండి" అని ఇంటికి పంపాను. తాయెత్తు గురించి అత్తగారితో గొడవ దేనికి, ఉంటే ఉండనివ్వండి. ఈ వారంలోనే పిల్లల న్యూరాలజిస్టుకి చూపించండి. వెళ్లేటప్పుడు ఆ డిక్టేషన్ పుస్తకం సంచిలో వేసుకోండి.