రాగి-జిర్కోనియం మెటాలిక్ గ్లాస్ పగలకుండా అణగాలంటే ఏం కలపాలి?

రాయగడ నుంచి మీరడిగింది ఇదీ: రాగి, జిర్కోనియం సగంసగం కలిపిన మెటాలిక్ గ్లాస్ (స్ఫటికాలు కట్టకుండా గబుక్కున చల్లార్చిన లోహం) కడ్డీ నొక్కితే విరిగింది, 5 శాతం (బరువులో కాదు, పరమాణువుల లెక్కలో) అల్యూమినియం వేసిన 2 మి.మీ. కడ్డీ అణిగింది, 3 మి.మీ. కడ్డీ మళ్లీ పగిలింది, ఇంకేం కలపాలి అని.

ఇప్పుడే ఇంకేమీ కలపకండి. సన్న కడ్డీ రాగి అచ్చులో త్వరగా చల్లారుతుంది, లోపల పరమాణువుల మధ్య ఖాళీ ఎక్కువ మిగులుతుంది, అందుకే ఎక్కువ అణుగుతుంది. లావు మారితే అల్యూమినియం ఎంత పనిచేసిందో తేలదు. పొడవు లావుకి రెండింతలుండాలి, చివరలు సమాంతరంగా ఉండాలి. పొట్టి ముక్కలో షియర్ బ్యాండ్ (లోహం ఏటవాలుగా జారే సన్నటి పొర) నొక్కే ప్లేటుకి తగిలి ఆగిపోతుంది, పెళుసు గాజు కూడా సాగినట్టే కనిపిస్తుంది.

మీ రాయగడ దగ్గరి తేరుబలిలో ఫెర్రోక్రోమ్ (ఉక్కులో కలిపే ఇనుము-క్రోమియం మిశ్రమం) ఫ్యాక్టరీ చూసి పెరిగినవాళ్లకి ఉక్కు లెక్కే ముందు గుర్తొస్తుంది. ఇక్కడ ఉక్కులో ఉండే గ్రెయిన్లే (చిన్నచిన్న స్ఫటికాల రేణువులు) లేవు. వంగడమంతా 10-20 నానోమీటర్ల మందం షియర్ బ్యాండ్లలోనే. ఒక్కటే పుడితే పగులు, చాలా పుడితే సాగుదల. పాయిజాన్ నిష్పత్తి (నొక్కితే పక్కలకి ఎంత ఉబ్బుతుందో చెప్పే సంఖ్య) సుమారు 0.31-0.32 కంటే తక్కువైతే గాజు పెళుసు అని 2005లో చూపించారు, 0.42 ఉన్న ప్లాటినం గాజు నొక్కుడులో 20 శాతం దాకా అణిగింది. మీరు వేసిన రాగి 47.5-జిర్కోనియం 47.5-అల్యూమినియం 5 మిశ్రమం కూడా అదే ఏడు 18 శాతం దాకా వచ్చింది. అంటే మీ మిశ్రమంలో లోపం లేదు. ఇదంతా నొక్కుడు సంగతే, లాగితే సాగుదల దాదాపు సున్నా.

తూకం మీద కన్నేయండి. 10 గ్రాముల ముద్దకి రాగి 4.03, జిర్కోనియం 5.79, అల్యూమినియం 0.18 గ్రాములే. అల్యూమినియంలో 10 మిల్లీగ్రాములు ఎక్కువైతే 5 శాతం కాస్తా 5.3 అవుతుంది. ఆర్గాన్‌లో ముందు టైటానియం గెట్టర్ (మిగిలిన ఆక్సిజన్‌ని పీల్చేసే ముక్క) కరిగించి, ముద్దని తిరగేస్తూ నాలుగైదుసార్లు కరిగించండి. జిర్కోనియం ఆక్సిజన్‌ని పీల్చుకుంటుంది, స్ఫటికాలు అక్కడే మొదలవుతాయి.

ఇట్రియం ఆ ఆక్సిజన్‌ని పట్టేస్తుంది కాబట్టి చాలామంది అదే సలహా ఇస్తారు. గాజు ఏర్పడటం వేరు, సాగడం వేరు. 2004లో 1.5 శాతం ఇట్రియంతో ఇనుప గాజుని 12 మి.మీ. లావున పోశారు, పెళుసుతనం మాత్రం పోలేదు.

3 మి.మీ. కడ్డీ నడిమి ముక్క కోసి ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటికాలున్నాయేమో చూపే ఎక్స్-రే పరీక్ష) తియ్యండి, అంచుది కాదు, ఆలస్యంగా చల్లారేది నడుమే. అందులో బీ2 (రాగి, జిర్కోనియం సగంసగం ఉండే) స్ఫటికాల శిఖరాలైతే భయం లేదు, అవి సాగుదలకి సాయపడతాయి. రాగి 10-జిర్కోనియం 7 లాంటి వేరే స్ఫటికాలైతే అచ్చు చల్లదనం చాల్లేదు.