ఆదివారం ఫోన్‌లో మార్కులు అడగకండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. మా ఆయన రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని చేస్తారు. పాపకు పదో తరగతిలో 600కి 561 వచ్చాయి. అప్పు చేసి నెల్లూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ, జేఈఈ బ్యాచ్‌లో చేర్పించాం. నాలుగు నెలలైంది. వీకెండ్ టెస్టులో 300కి 92 వచ్చాయని కింది సెక్షన్‌కు మార్చారు. ఆదివారం ఫోన్‌లో వాళ్ల నాన్న మార్కులు అడిగితే ఏడుస్తుంది. పోయిన వారం "ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోందమ్మా" అంది. ఈ ఏడు రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువుకు వెళ్లి, పాప చదువు బాగుండాలని చదువు రొట్టె కూడా పట్టుకున్నాను. మార్కులు పెరగాలంటే ఏం చేయాలి? ఇంటికి తీసుకొచ్చేయాలా?

జవాబు: అమ్మా, మీరు మార్కుల గురించి అడిగారు. నాకు మాత్రం "ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది" అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. ముందు దాని సంగతి చూద్దాం. ఔటింగ్ ఇచ్చేదాకా ఆగకండి. రేపే బయల్దేరండి. వార్డెన్‌తో మాట్లాడి, పాపను కాసేపు బయటికి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకోండి. "వెళ్లిపోవాలనిపిస్తోంది అన్నావు కదా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లులు భయపడతారు. అలా జరగదు. అడిగేవాళ్లు ఒకరున్నారని తెలిస్తే పిల్లల గుండె బరువు దిగుతుంది. అవునంటే మాత్రం ఆ రోజే మీతో ఇంటికి తీసుకొచ్చి, ఒంటరిగా వదలకుండా, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ఖర్చేమీ ఉండదు.

అలాంటిదేమీ లేదు, బెంగే అని తేలితే అప్పుడు చదువు సంగతి.

561 తెచ్చుకున్న పిల్లకు 92 రావడమంటే చదవడం మానేసిందని కాదు. పదో తరగతిలో రాసినంత వరకూ మార్కులు వేస్తారు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పు పెడితే 1 పోతుంది. ఆ 92 లోపల ఏముందో చూడాలి. 29 ఒప్పులు, 24 తప్పులు పెట్టినా 92 వస్తుంది. ఆ తప్పుల్లో 14 ఊరికే గుడ్డిగా పెట్టినవైతే, వాటిని వదిలేసి ఉంటే అదే పిల్లకు 106 వచ్చేవి, కొత్తగా ఒక్క పాఠం చదవకుండానే. అందుకే వెళ్లినప్పుడు చివరి రెండు మూడు టెస్టుల పేపర్లు తెప్పించుకుని తనతో పాటు చూడండి. మీకు లెక్కలు రాకపోయినా పర్లేదు. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు పోయిందో తననే రాయమనండి: పాఠమే రాదా, వచ్చి లెక్కలో పొరబడిందా, టైమ్ చాలక ఏదో ఒకటి పెట్టేసిందా. మూడింటికీ మందు వేరు. పాఠమే రానివి లెక్చరర్‌ను అడిగి మళ్లీ చెప్పించుకోవాలి. పొరబాట్లకు చేత్తో లెక్క కట్టే అభ్యాసం కావాలి. గుడ్డిగా పెట్టేది ఆపేయాలి. ఏదీ విడమరిచి చెప్పకుండా "ఇంకా కష్టపడు" అంటే ఆ పిల్ల నిద్ర మానుకుంటుంది, అంతే. నిద్ర తగ్గితే చదివింది నిలవదు. రాత్రి ఎన్నింటికి పడుకుంటోందో, సరిగా తింటోందో లేదో కూడా కనుక్కోండి. ముఖం పాలిపోయి కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి.

ఇంకొకటి. జేఈఈ ఒక్కటే దారి అన్నట్టు ఇంట్లో మాట్లాడుకుంటున్నారేమో. మన రాష్ట్ర ఇంజనీరింగ్ కాలేజీల ప్రవేశ పరీక్ష, మనం ఇంకా ఎంసెట్ అనే పిలుస్తున్న ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే, తప్పుకు మార్కు పోదు. ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. పదిలో 561 తెచ్చుకున్న పిల్ల శ్రద్ధగా రాసే రకం. ఆ శ్రద్ధ ఇక్కడ లెక్కకు వస్తుంది. మొదటి ఏడాది మార్కులు తగ్గితే సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు కూడా. ఇవన్నీ పాపకు తెలియాలి. ఒక్క తలుపే ఉందనుకున్న పిల్లకు కింది సెక్షన్ అంటే అది మూసుకుపోయినట్టే ఉంటుంది.

ఇక వాళ్ల నాన్నగారికి ఈ భాగం చదివి వినిపించండి. అయ్యా, గుంటలో రొయ్య మేత తినకపోతే మీరు రొయ్యను కోప్పడరు. మేత చూసే చెక్‌ట్రే ఎత్తి చూస్తారు, నీళ్లు పరీక్ష చేయిస్తారు, రాత్రంతా ఏరేటర్లు తిప్పుతారు. మీ బిడ్డ విషయంలోనూ అదే చేయండి. తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యల పంట పోతే ఆ బాధ, అప్పు బాధ మీకు ఎంతుంటుందో నేను ఊహించగలను. కానీ "నీ కోసం ఇంత అప్పు చేశాం" అన్న మాట పదహారేళ్ల పిల్ల మోయలేదు. ఆదివారం ఫోన్ కొద్ది నిమిషాలే. అందులో మార్కుల మాట వద్దు. ఏం తిన్నావు, ఎవరితో కూర్చుంటున్నావు, ఈ వారం ఏ పాఠం బాగా అర్థమైంది అని అడగండి. మార్కులు అడగకపోయినా తనే చెప్పే రోజు వస్తుంది. అప్పటిదాకా ఆగండి.

ఇంటికి తీసుకురావాలా అన్నదానికి ఇక్కడ కూర్చుని నేను అవునూ కాదూ అనలేను. కావలిలో డే స్కాలర్‌గా చదివి సీట్లు తెచ్చుకున్న పిల్లలు నాకు తెలుసు, నెల్లూరు హాస్టల్లో ఉండి తెచ్చుకున్నవాళ్లూ తెలుసు. పాపనే అడగండి. "ఉంటాను" అంటే ఒక నెల గడువు పెట్టుకుని, ప్రతి వారం మీలో ఒకరు వెళ్లి చూసి రండి. "వచ్చేస్తాను" అంటే కట్టిన ఫీజు గురించి ఆలోచించకుండా తీసుకొచ్చేయండి.

స్వర్ణాల చెరువులో మీరు పట్టుకున్న రొట్టె సంగతి పాపకు చెప్పారా? చెప్పకపోతే రేపు చెప్పండి. ర్యాంకు కోసం అనకండి. నువ్వు బాగుండాలని పట్టుకున్నానమ్మా అనండి. ఏమందో, ఎలా ఉందో వెంటనే నాకు రాయండి.