ఇంటర్వ్యూ మీ అబ్బాయికా, మీకా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల గుంటలు ఉన్నాయి. మా అబ్బాయి ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) అయ్యి ఏడాది దాటింది. నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్ళాడు. 'నీ గురించి చెప్పు' అనగానే నోరు పెగలడం లేదు. ఇంటి దగ్గర చురుకే, మొన్నొక రాత్రి కరెంటులో ఒక ఫేజ్ పోతే గుంట కాపాడింది వాడే. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్‌లో 200 ప్రశ్నలకు జవాబులు నేర్పిస్తారట, ఫీజు 40 వేలు. పంపమంటారా, ఇంట్లోనే ప్రిపేర్ అవమంటారా?

జవాబు: పంపొద్దండి. చదివించిన డబ్బంతా దండగైపోయిందేమోనని మీరు లోపల బెంగపడుతున్నారు. ఏమీ దండగ కాలేదు. ఫ్రెషర్‌కి నాలుగు ఇంటర్వ్యూలు పోవడం పెద్ద విషయం కాదు. ఏడాది గ్యాప్ గురించి అడిగితే 'నాన్నతో గుంటలు చూసుకున్నాను సార్' అని ఉన్నమాట చెప్పమనండి.

ఈ బట్టీ జవాబుల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పుడు ఫోన్‌లో ఏఐ కూడా అవే రాసిస్తోంది. 'నీ బలహీనత ఏంటి' అని నేను అడిగితే పిల్లలందరూ ఒకటే అప్పజెబుతున్నారు: 'పర్ఫెక్ట్‌గా వచ్చేదాకా పని వదలను సార్.' 'అలా ఎప్పుడు జరిగింది, చెప్పు' అంటే ఇక మాట ఉండదు. దానికి 40 వేలా? ఇంగ్లీషు మాట్లాడటం నెమ్మది, రోజూ అరగంట ప్రాక్టీస్ చేస్తున్నా అని నిజం చెబితే అడిగేవాళ్ళు వింటారు.

మీ ఉత్తరం చూసి ఫోన్ చేశాను. అబ్బాయిని అడిగిన వాటికి పది నిమిషాలు మీరే జవాబు చెప్పారు, గుర్తుందా? మిమ్మల్ని పక్కకు వెళ్ళమన్నాక ఆ రాత్రి సంగతి అతనే చెప్పాడు. మూడు గంటలప్పుడు ఏరేటర్ (గుంట నీళ్ళలో గాలి కలిపే యంత్రం) మోటారు శబ్దం మారిందట. మంచం మీంచి లేచి పరిగెత్తి మెయిన్ ఆపేశాడు, జనరేటర్ వేశాడు. అప్పటికే రొయ్య గట్టు పక్కన తేలుతోంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఇంకాస్త ఆలస్యమైతే పంట పోయేదన్నాడు. మర్నాడు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోగానే మోటారును ఆపేసే పరికరం) తెచ్చి తనే బిగించాడు. ఎక్కడా తడబడలేదు.

'ఒత్తిడిలో ఏం చేశావు', 'ఏదైనా సమస్య నువ్వే పరిష్కరించావా' అనే ప్రశ్నలకు ఇంతకన్నా ఏం కావాలి? ఏం జరిగింది, తన బాధ్యత ఏంటి, ఏం చేశాడు, చివరికి ఏమైంది అన్న వరుసలో రెండు నిమిషాల్లో చెప్పడం ప్రాక్టీస్ చేయమనండి. 'నీ గురించి చెప్పు' అంటే ఊరు, చదువు చెప్పి నేరుగా ఇందులోకి రావచ్చు. దీన్నుంచే టెక్నికల్ ప్రశ్న కూడా వస్తుంది. ఒక ఫేజ్ పోతే మిగతా రెండింటి మీద కరెంటు పెరిగి మోటారు లోపలి తీగచుట్ట (వైండింగ్) ఎందుకు కాలుతుందో అతను కళ్ళారా చూసినవాడు. తెలియనిది అడిగితే 'తెలీదు సార్, ఇలా మొదలుపెడతాను' అనడం తప్పు కాదు.

ఇలాంటివి ఇంకో మూడు సంగతులు కాలేజీ ప్రాజెక్టులోంచో, గుంటల దగ్గర్నించో ఏరుకోమనండి. రోజూ ఒకటి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమనండి. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

మీరు మాత్రం ఒకటి మానాలి. ఇంటర్వ్యూ గదిలోంచి అడుగు బయట పెట్టకముందే 'ఏమైంది, వచ్చిందా' అని ఫోన్ చేస్తున్నారట. ఆ ఫోన్ మోగుతుందనే టెన్షన్‌తోనే లోపలికి వెళ్తున్నానని నాతో చెప్పాడు. ఈసారి నెల్లూరు బస్టాండులో దింపి వెనక్కి వచ్చేయండి. ఫోన్ అతన్నే చేయనివ్వండి.