మీ నాయనమ్మ పేరేమిటి?

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. పెళ్ళయ్యాక నాయనమ్మ తన హరికథ చిరతల్ని బియ్యం డబ్బాలో దాచుకున్న చోట ఆగిపోయాను. అది బాగుంది. కానీ పద్నాలుగు పేజీల్లో ఆవిడకి పేరే లేదేమిటమ్మా? హరికథలు చెప్పేదని ఒక్క వాక్యం రాసి, మిగతాదంతా ఆవిడ ఏడుపుతో నింపావు. నాకు కోపం వచ్చింది.

ఆవిడ ఏ కథ బాగా చెప్పేది? గజ్జె కట్టి ఎన్ని గంటలు నిలబడేది? జనం కునుకు తీస్తుంటే ఏ పిట్టకథ ఎత్తుకునేది? ఎంత ఇచ్చేవారు? ఆడమనిషి కళ గురించి రాస్తే ముందు ఆ పని రాయాలి. కన్నీళ్ళు తర్వాత.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికాసాంత్వనము' కావ్యం రాస్తూ, నాయనమ్మ తంజనాయకి పేరు గర్వంగా చెప్పుకుంది. తర్వాత అచ్చు వేసినవాళ్ళు కొన్ని పద్యాలతో పాటు ఆ పేరు చెప్పుకున్న అవతారికనే, అంటే కావ్యం ముందుమాటనే, తీసేశారు! గాయని బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో ప్రచురణకర్తలు వావిళ్ళవారి చేత పూర్తిగా వేయించింది. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ఆ నిషేధం ఎత్తేశారు. తిరువయ్యూరులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించిందీ నాగరత్నమ్మే. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వకపోతే, వాళ్ళ కోసం వేరే కచేరీలు పెట్టించింది. ఒక కళాకారిణి కోసం ఇంకో కళాకారిణి ఇంత చేసింది. మనం కనీసం పేరు రాయలేమా?

నా రెండో కథ మా పెద్దమ్మ మీద. బతుకమ్మ పాటలు సొంతంగా కట్టేది. 'ఉయ్యాలో' అని అందుకునేవాళ్ళ ఊపిరికి సరిపోయేలా పాదం ఎలా తూచేదో రెండు పేరాలు రాశాను. వారపత్రిక సంపాదకుడు ఆ రెండూ కోసేసి, పెదనాన్న కొట్టిన సీను మాత్రం ఉంచాడు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. పెద్దమ్మకి చదువు రాదు. పత్రిక తెచ్చి చదివించుకుని, "నా పాటేదే బిడ్డా?" అంది. ఏం చెప్పను? రెండేళ్ళకి పోయింది. ఆ పాటలు ఎవరూ రాసి పెట్టలేదు, నాతో సహా. ఇప్పటికీ మహిళా దినోత్సవానికి వేసే మార్చి నెల ప్రత్యేక సంచికలు ఆడవాళ్ళ దుఃఖాన్నే అడుగుతాయి. ఇవ్వకు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు మీ నాన్నని కూర్చోబెట్టి అన్నీ అడుగు. తిరగరాసి నాకే పంపు. ఆ చిరతలు ఇంకా ఇంట్లో ఉంటే ఒక ఫోటో కూడా.