డిష్ తేడా కొడుతుంటే ఆఫ్‌సెట్ ముట్టుకునే ముందు టైమ్ చూడండి

సాఫ్ట్‌వేర్ చెప్పిన చోటికే డిష్ తిరుగుతోంది కానీ సిగ్నల్ మాత్రం పక్కనెక్కడో దొరుకుతోంది, శాటిలైట్‌ని బట్టి క్యాలిబ్రేట్ చేసుకోవచ్చా, దీనికోసమే పంపిన శాటిలైట్లు ఉన్నాయా అని అడిగారు కదా. చేసుకోవచ్చండి, కాకపోతే ఒక్క పాస్ (శాటిలైట్ మన మీదుగా ఒకసారి పోవడం) చూసి ఆఫ్‌సెట్ (డిష్ కోణానికి కలిపే సవరణ) మార్చేయకండి, నేను అదే చేసి మూడ్రోజులు పోగొట్టుకున్నా.

నాది 3 మీటర్ల డిష్, ఎక్స్ బ్యాండ్ (8 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల), బీమ్, అంటే డిష్ ఒకేసారి చూసే వెడల్పు, ఒక డిగ్రీ కూడా ఉండదు. ఆ రోజు శాటిలైట్ తూర్పు వైపుగా దక్షిణం నుంచి ఉత్తరానికి పోయింది, ఎలివేషన్ (నేల నుంచి ఎత్తు కోణం) 45 దగ్గర అజిముత్‌ని (ఉత్తరం నుంచి కొలిచే దిక్కు కోణం) అటూ ఇటూ జరిపి చూస్తే సిగ్నల్ పీక్ అర డిగ్రీ అవతల ఉంది, మౌంట్ (డిష్‌ని మోసే స్టాండ్) బిగించేటప్పుడు తిరిగిందేమో అనుకుని అంత ఆఫ్‌సెట్ వేసేశా. మర్నాడు అదే శాటిలైట్ పడమర వైపుగా పోతే తేడా తగ్గకపోగా ఏకంగా డిగ్రీ అయింది! బోల్టులు విప్పి బిగించా, లెవెల్ చూశా, ఏం లాభం లేదు.

చివరికి ఆఫ్‌సెట్ తీసేసి సూర్యుడి మీదకి తిప్పా. సూర్యుడి నుంచి వచ్చే రేడియో నాయిస్ పీక్ సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. అప్పుడు వెలిగింది. సూర్యుడు ఒక డిగ్రీ జరగడానికి 4 నిమిషాలు పడుతుంది, కంప్యూటర్ టైమ్ సెకను తప్పినా తెలీదు, అదే 500 కిలోమీటర్ల ఎత్తులో పోయేదైతే ఆ ఎలివేషన్‌లో అజిముత్ సెకనుకి 0.9 డిగ్రీ దాకా మారుతుంది. చూస్తే ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి కంప్యూటర్ టైమ్ సరిచేసేది) ఎప్పుడో ఆగిపోయి టైమ్ 600 మిల్లీసెకన్లు వెనకుంది, అంటే డిష్ ఎప్పుడూ శాటిలైట్‌కి అర డిగ్రీ వెనకే ఉంటోంది. తూర్పు పాస్‌లో అజిముత్ తగ్గుతూ పోతుంది, పడమర పాస్‌లో పెరుగుతూ పోతుంది, అందుకే తేడా ఒకసారి ఇటు, ఒకసారి అటు, దానికి నేను వేసిన ఆఫ్‌సెట్ తోడై మర్నాడు డిగ్రీ అయింది. మౌంట్ తిరిగి ఉంటే రెండు పాసుల్లోనూ ఒకే వైపు కొట్టేది.

పాత టీఎల్ఈ (శాటిలైట్ కక్ష్య వివరాలుండే రెండు లైన్ల డేటా) వాడినా అచ్చం ఇలాగే ఉంటుంది, టైమ్ తప్పో ఆర్బిట్ తప్పో తెలీదు, కాబట్టి ఆ రోజుదే దించుకోండి. 15 డిగ్రీల కింద కొలతలు వదిలేయండి, 5 డిగ్రీల దగ్గర వాతావరణం వల్ల సిగ్నల్ వంగడమే 0.15 డిగ్రీ పైన ఉంటుంది.

ఇక ప్రత్యేకంగా పంపినవి అంటారా, ఉన్నాయి. రాడార్ల కోసం 1965లో ఎల్‌సీఎస్-1 అని 1.12 మీటర్ల అల్యూమినియం గోళాన్ని పంపారు, ఎటు నుంచి చూసినా ఒకేలా కనిపిస్తుంది కాబట్టి తిరిగొచ్చే సిగ్నల్ బలాన్ని దాంతో సరిచూసుకుంటారు. మనలాంటి డిష్‌కి అది పనికిరాదు, బీకన్ (తనంతట తాను సిగ్నల్ పంపేది) ఉన్నదే కావాలి.

ముందు సూర్యుడు, తర్వాత తూర్పున ఒక పాస్, పడమరన ఒక పాస్ చూసి ఆ మూడు తేడాలూ ప్లస్సో మైనస్సో గుర్తుతో సహా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.