కనుబొమలు దిద్దుకోబోతున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ దీవించి రాయునది.

ఇకపై నీ కనుబొమలు నువ్వే దిద్దుకోవాలని నిశ్చయించుకున్నావనీ, అందుకోసం ప్లక్కరూ చిన్న కత్తెరా కొని తెచ్చుకున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మాట మామూలుగానే చెప్పింది కానీ గొంతులో బెదురు దాగలేదు. అది ఎందుకో నాకు తెలుసు, నీకు తెలియదు. నీకు చెప్పమని అదే నన్ను అడిగింది కాబట్టి ఈ ఉత్తరంలో చెబుతాను. నాకు మాత్రం మొదట గర్వమే కలిగింది. ఎవరో ఒకరి ఫొటో చూపించి "నాకూ ఇలాగే తీయండి" అనే వయసులో, నీ ముఖానికి ఏది నప్పుతుందో నువ్వే తెలుసుకోవాలనుకున్నావు. ఎందరి కనుబొమలో దిద్దిన చేయి నాది. అలా ఆలోచించి వచ్చిన ఆడపిల్లలు నాకు బహు తక్కువగా కనిపించారు. ఆ గర్వం వెనకే భయం కూడా వచ్చింది, ఎందుకంటే నీ కనుబొమలు అచ్చంగా మా నాన్నవి. ముక్కు దగ్గర నిటారుగా లేచి, కంటి మీదుగా ఒత్తుగా సాగి, చివర కొద్దిగా వాలే ఆ తీరు మా తరంలో మీ అమ్మకొక్కదానికే వచ్చింది, దాని తర్వాత నీకు వచ్చింది.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకో. తల వెంట్రుక ఏళ్ళ తరబడి పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎంత కత్తిరించినా దిగులు లేదు. కనుబొమ వెంట్రుక అలా కాదు. అది పెరిగే దశ కొన్ని వారాలే. ఆ తర్వాత నెలల తరబడి ఎదుగుదల లేకుండా ఉండి రాలిపోతుంది, అప్పుడు గానీ అదే కుదురులో కొత్తది మొదలు కాదు. కనుబొమలు జడంత పొడుగు పెరగకపోవడానికీ, ఈ రోజు పీకిన వెంట్రుక రావడానికి నాలుగు నెలలో అంతకంటే ఎక్కువో పట్టడానికీ కారణం అదే. ఒకే చోట మళ్ళీ మళ్ళీ పీకుతూ పోతే కుదురే దెబ్బతిని, ఇక అక్కడ ఏమీ మొలవకపోవచ్చు. ప్లక్కర్ పట్టుకున్నప్పుడల్లా నువ్వు ఈ సంగతి గుర్తు చేసుకోవాలని నా కోరిక.

పద్ధతి నీకు తెలిసే ఉంటుంది, ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. చేతులూ ప్లక్కరూ శుభ్రం చేసుకుని, ప్లక్కర్ మొనను స్పిరిట్‌తో తుడువు. స్నానం అయిన వెంటనే చర్మం మెత్తగా ఉన్నప్పుడు కూర్చో. ఒక వేలితో చర్మాన్ని బిగువుగా పట్టి, వెంట్రుకను మొదలంటా పట్టుకుని, అది పెరిగిన వైపుకే ఒక్క ఊపున లాగు. పని అయ్యాక చల్లటి నీటిలో ముంచిన గుడ్డ అద్దు, ఆ పూట అక్కడ మేకప్ వేయకు.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. అది నీ వయసులో ఉన్నప్పుడు కనుబొమలను దారంలా సన్నగా చేసుకోవడం గొప్ప ఫ్యాషన్. 1920, 30 దశకాల్లో సినిమా తారలతో వచ్చి పోయిన ఆ మోజు 1990లలో మళ్ళీ వచ్చింది, పత్రిక ఏది తిరగేసినా అవే ముఖాలు. ఒక రోజు రాత్రి, తెల్లవారితే ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనగా, మీ అమ్మ గది తలుపు వేసుకుని భూతద్దం ఉన్న అద్దం ముందు కూర్చుంది. మొదట ఎడమ కనుబొమ కింద రెండు మూడు వెంట్రుకలు తీసిందట. అప్పుడు కుడిది బరువుగా కనిపించింది. కుడి వైపు తీసేసరికి ఎడమది ఎక్కువైనట్టు తోచింది. అలా ఆ పక్కా ఈ పక్కా సరిచేస్తూ పోయింది. భూతద్దంలో ఒక్కొక్క వెంట్రుకా తాడంత లావుగా కనిపిస్తుంది, ముఖం మాత్రం మొత్తంగా ఎక్కడా కనిపించదు. గంట గడిచాక తలుపు తీసి బయటికి వచ్చినప్పుడు దాని ముఖం చూసి నేను ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. రెండు కనుబొమల మధ్య ఎడం ఎంతో పెరిగిపోయింది. మా నాన్న పోలిక ఉన్న ఆ నిటారు మొదళ్ళు పూర్తిగా పోయి, రెండు సన్నని గీతలు మిగిలాయి, కళ్ళు ఏదో చూసి ఉలిక్కిపడ్డట్టు ఉన్నాయి. మర్నాడు పెన్సిల్‌తో గీసుకుని వెళ్ళింది. ఎండకు చెమట పట్టి, చేతిరుమాలుతో తుడుచుకునేసరికి ఒక కనుబొమ సగం చెరిగి కణత మీదికి మరకలా పాకిందట. ఆ సంగతి అది తిరిగి వచ్చేదాకా దానికి తెలియలేదు.

ఆ ఒక్క రాత్రితో ఆగి ఉంటే ఈ కథ నీకు రాయవలసిన అవసరమే ఉండేది కాదు. కొన్ని నెలలు ఓపిక పట్టి ఉంటే చాలావరకు తిరిగి వచ్చేవి. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. కొత్త వెంట్రుకలు మొలిచేటప్పుడు ఒక వరుసలో రావు, గీతకు పైనా కిందా ఒకటీ అరా ముళ్ళలా పొడుచుకు వస్తాయి. అవి చూడలేక మీ అమ్మ వచ్చిన దాన్ని వచ్చినట్టే పీకేసేది. వద్దని నేను ఎన్నిసార్లు చెప్పినా "ఈ ఒక్కటే అక్కా" అనేది. అలా కొన్నేళ్ళు సాగింది. ఒత్తు కనుబొమల మోజు మళ్ళీ వచ్చి అది పీకడం మానేసరికి, చివరి సగంలో కుదుళ్ళు అలిసిపోయి ఉన్నాయి. మీ అమ్మ నిద్ర లేవగానే, మీరెవరూ తన ముఖం సరిగా చూడకముందే, పెన్సిల్ తీసుకుని అద్దం దగ్గరికి వెళ్ళడం నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నావు. అది అలంకారం మీద ఇష్టమని నువ్వు అనుకుని ఉంటావు. దానికి ఇప్పటికీ ఆ సంగతి మాట్లాడటం కష్టమే కనుక, ఈ ఉత్తరం చదివాక నువ్వుగా దాన్ని గుచ్చి గుచ్చి అడగకు.

మనిషిని గుర్తుపట్టడంలో కనుబొమలకు ఎంత పాత్ర ఉందో శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించి చూశారు. అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పేరున్న మనుషుల ఫొటోల్లో ఒకసారి కళ్ళనూ, మరొకసారి కనుబొమలనూ చెరిపి చూపించారు. చూసినవాళ్ళు కళ్ళు లేని ముఖాల కంటే కనుబొమలు లేని ముఖాలనే పోల్చుకోలేక ఎక్కువ తడబడ్డారు. అది చదివినప్పుడు ఆ రాత్రి తలుపు దగ్గర నిలబడ్డ మా చెల్లి ముఖమే నాకు గుర్తుకు వచ్చింది.

కాబట్టి నువ్వు భూతద్దాన్ని దగ్గరికి రానీయకు. పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర, ముఖం మొత్తం కనిపించే మామూలు అద్దం పెట్టుకో. అంతకంటే ముందు కనీసం ఆరు వారాలు దేన్నీ ముట్టుకోకుండా పెరగనివ్వు, అప్పుడే నీ అసలు తీరు ఏమిటో తెలుస్తుంది. తర్వాత ఒక పెన్సిల్‌ను ముక్కుపుటం అంచుకు ఆనించి నిటారుగా నిలబెట్టు, అది తాకిన చోట కనుబొమ మొదలు కావాలి. నేరుగా ముందుకు చూస్తూ, అదే పెన్సిల్‌ను నల్లగుడ్డు వెలుపలి అంచు మీదుగా వాల్చితే వంపు ఎక్కడ రావాలో తెలుస్తుంది. కంటి బయటి మూల మీదుగా వాల్చితే చివర ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఈ కొలత దారి చూపడానికి మాత్రమే. కనుబొమ కింద ఉన్న ఎముక ఎలా వంగితే వెంట్రుకలూ అలాగే వంగుతాయి, దానికి ఎదురు వెళ్ళి వంపును పైకి ఎత్తాలని చూస్తే ముఖానికి ఎప్పుడూ ఒక అబద్ధపు ఆశ్చర్యం అంటుకుంటుంది.

నీకు కావలసిన ఆకారాన్ని కనుబొమ పెన్సిల్‌తో ముందే నింపుకో. ఆ రంగు దాటి బయట కనిపించేవే తీయవలసినవి. తీసేముందు వాటిని కన్సీలర్‌తో, అంటే చర్మపు రంగులో కలిసిపోయే క్రీముతో కప్పి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూడు. అవి లేకపోతే ముఖం ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది, నచ్చకపోతే తుడిచేసుకోవచ్చు. పార్లర్లలో ఈ పని చేసే తీరిక ఎవరికీ ఉండదు, నీకు ఉంది. కింది వైపు నుంచీ, రెండింటి నడుమ నుంచీ మాత్రమే తియ్యి. పై అంచు జోలికి పోకు. పైకి దువ్వినప్పుడు గీత దాటి నిలిచేవి ఉంటే వాటి కొసలను కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించు, గుత్తగా పట్టి కోయకు. రెండు కనుబొమలూ ఒకేలా ఉండాలని పట్టుబట్టకు. మాట్లాడేటప్పుడు నీకు కుడి కనుబొమ కాస్త పైకి లేస్తుంది, చిన్నప్పుడు అబద్ధం చెప్పినప్పుడల్లా దాన్ని చూసే నేను పట్టుకునేదాన్ని. ఆ తేడా ఎంత పీకినా పోదు.

కళ్ళ విషయంలో నాకున్న భయం నీకు అతిగా అనిపించవచ్చు, అయినా చెప్పక తప్పదు. కనుబొమలకు రంగు వేసుకోవాలనిపిస్తే తలకు వేసే రంగును ఎన్నడూ వాడవద్దు. 1930లలో అమెరికాలో లాష్ లూర్ అనే రంగును కనురెప్పల వెంట్రుకలకూ కనుబొమలకూ వేయించుకుని ఒకామె చూపు పోగొట్టుకుంది, మరొకామె ప్రాణమే పోగొట్టుకుంది. ఆ దేశం 1938లో సౌందర్య సాధనాలను చట్టం పరిధిలోకి తేవడానికి ఇలాంటి ఘటనలు కూడా కారణమయ్యాయి. ఆ రంగులో ఉన్న పారా ఫినిలీన్ డయమీన్ అనే రసాయనం ఈనాటికీ ఎన్నో నల్ల తలరంగుల్లో ఉంది. మీ అమ్మకు తలరంగు పడక చెవుల వెనక దద్దురు లేచిన సంగతి నీకు తెలుసు, ఆ గుణం నీకూ ఉండవచ్చు. అందుకే రంగు మాట తలపెట్టకుండా ఉంటే నాకు నిద్ర పడుతుంది.

వ్యాక్స్ గురించి ఇంకొక మాట. మొటిమలకు నువ్వు ఏదో క్రీము రాసుకుంటున్నావని విన్నాను. దాని మీద ట్రెటినాయిన్ అనో అడాపలీన్ అనో రాసి ఉందేమో చూడు. ఉంటే కనుబొమల దగ్గర వ్యాక్స్ పెట్టించుకోకు, ఆ మందులు పైచర్మాన్ని పలచబరుస్తాయి కనుక వెంట్రుకతో పాటు తోలు కూడా ఊడి రావచ్చు. మొటిమలకే ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకున్నవాళ్ళు అవి ఆపిన తర్వాత కూడా ఆరు నెలలు వ్యాక్స్‌కు దూరంగా ఉండాలి. ఎర్రగా చెక్కుకుపోయిన రెప్పతో ఏడుస్తూ కూర్చున్న పిల్లను నేను ఓదార్చాను, ఆమె మాత్రల సంగతి ఎవరూ అడగనే లేదు.

ఎప్పుడైనా తీరిక లేక థ్రెడింగ్‌కు వెళితే దారం కొత్తది తీయమను, వాళ్ళ చేతులు కడుక్కోమను. దారం కొస నోట పట్టుకోకుండా మెడకు చుట్టుకుని చేసే వాళ్ళ దగ్గరికే వెళ్ళు. థ్రెడింగ్ తర్వాత ఆ చోట పులిపిర్లు వచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. అడగడానికి మొహమాటపడకు, ముఖం నీది.

నువ్వు పీకకపోయినా కనుబొమల చివరి భాగం పలచబడుతున్నట్టు కనిపిస్తే పెన్సిల్‌తో కప్పేసి ఊరుకోకు. థైరాయిడ్ గ్రంథి పని మందగించినవాళ్ళలో అలా జరగవచ్చు. నాణెమంత గుండ్రంగా ఒక చోట వెంట్రుకలు ఊడినా, మచ్చ కనిపించినా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళు.

స్నాతకోత్సవం వచ్చే నెల అని తెలిసింది. వేదిక మీద ఫొటోలు తీస్తారని ముందు రోజు రాత్రి ప్లక్కర్ పట్టుకోవద్దు, అమ్మలూ. అప్పటికి ఆరు వారాలు నిండకపోతే ఆ పని ఆ వేడుక అయ్యాకే పెట్టుకో, ఉన్నవాటిని బ్రష్‌తో పైకి దువ్వుకుని వెళ్ళినా నువ్వు బాగుంటావు. నిండితే, రెండు మూడు రోజుల ముందే ముగించుకో. ఎరుపు తగ్గడానికి వ్యవధి ఉంటుంది.

మొదటిసారి కూర్చునేటప్పుడు ముందు ఒక ఫొటో తీసి నాకు పంపు, అయ్యాక ఇంకొకటి పంపు. మధ్యలో ఎక్కడైనా చేయి జారి ఎక్కువ తీశావనిపిస్తే రెండో వైపు సరిచేయబోకు. ప్లక్కర్‌ను డ్రాయరులో పెట్టి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే ఎత్తుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ