ఒకే చేను, రెండు ఆదాయాలు

ప్రశ్న: మా నాన్న ఇరవై ఏళ్లుగా అవే మూడెకరాలు కౌలుకు చేస్తున్నారు. కామందు కుటుంబం హైదరాబాద్‌లో ఉంటుంది. వాళ్లు ఈమధ్య రెండో ఫ్లాట్ కొన్నారు, మా అప్పు మాత్రం తీరడం లేదు. వర్ధమాన దేశాల్లో ఆదాయాల తేడాకి చదువు, నైపుణ్యం ముఖ్య కారణమని క్లాసులో చెప్పారు. మా నాన్నకి వ్యవసాయం బాగా వచ్చు కదండీ?
– డిగ్రీ విద్యార్థిని, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, క్లాసులో చెప్పింది తప్పు కాదు. కానీ మీ ఇంటి లెక్క దాంతో తేలదు. ముప్పై ఏళ్లు బ్యాంకులో పంట రుణాలు చూసినవాణ్ణి, నాకు తెలిసిన లెక్క చెబుతాను.

సార్వా (ఖరీఫ్) వరిలో ఎకరాకు 28 బస్తాలు పండాయనుకోండి. నేను తిరిగిన ఊళ్లలో అందులో 12 దాకా కామందుకి కొలిచేవారు. మిగిలిన 16 బస్తాల్లోంచే దమ్ము, ఊడ్పు, ఎరువు, కోత ఖర్చులన్నీ రావాలి. తుపానుకి చేను పడిపోయినా కౌలు తగ్గించేవాళ్లు తక్కువ.

ఇక వడ్డీ. ఎకరాకు 30,000 పెట్టుబడి కావాలనుకుందాం. పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ. అంటే ఆరు నెలలకి 600 రూపాయలు. అదే డబ్బు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 3,600. తేడా 3,000. 2024-25 మద్దతు ధర క్వింటాకి 2,300 చొప్పున మొత్తం చేతికొచ్చినా 75 కిలోల బస్తా విలువ 1,725 రూపాయలే. బస్తాన్నర పైగా ధాన్యం వడ్డీ తేడాకే పోయింది.

మరి బ్యాంకుకే వెళ్లొచ్చు కదా అంటారా? ఒక జూన్‌లో ఒక కౌలు రైతు మా బ్రాంచికి వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో మూడేళ్ల ఎరువుల బిల్లులు, కాటా చీటీలు జాగ్రత్తగా తెచ్చారు. భూమి తనదని చూపే పట్టాదారు పాస్‌బుక్ లేదు. ఫారం వెనక్కిచ్చేశాను. ఆయన ఏమీ అనలేదు, కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ వారంలోనే అదే చేను మీద కామందు పేరున పంట రుణం ఇచ్చాం. దున్నేది ఎవరో నాకు తెలుసు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు పాడైపోతుంది.

పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 కూడా భూమి పేరున్న కుటుంబానికే. ఊరి పక్కన రోడ్డు పడి ఎకరా ధర పెరిగితే ఆ లాభమూ వాళ్లదే, పైగా కౌలు కూడా పెంచుతారు. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, 11 నెలల ఒప్పందంతో కౌలు రైతుకి సాగుదారు కార్డు ఇస్తామన్నారు. దానికి కామందు సంతకం కావాలన్నారు. భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది పెట్టలేదు. అదే తైవాన్ ప్రభుత్వం 1949లో కౌలు అనేది పంటలో 37.5 శాతం మించకూడదని కట్టడి చేసి, 1953లో కౌలుదార్లకే భూమి అమ్మించింది. నేను చెప్పిన 28లో 12 బస్తాలంటే దాదాపు 43 శాతం.

మీ నాన్నగారిని ఈ సీజన్‌లో ఈ-క్రాప్‌లో (ఏ చేలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే నమోదు) సాగుదారుగా తన పేరు రాయించమనండి. కార్డుకి కామందు సంతకం దొరక్కపోతే నలుగురి నుంచి పదిమంది వరకు కౌలు రైతులు కలిసి జేఎల్‌జీగా, అంటే అప్పుకి అందరూ ఉమ్మడిగా బాధ్యత వహించే గ్రూపుగా, రుణం అడగొచ్చు, దానికి పాస్‌బుక్ అక్కర్లేదు. నాట్లకి ముందే బ్యాంకుకి వెళ్లండి, మీరూ తోడు వెళ్లండి.